పదకొండు మంది చూసిన ఢిల్లీ

మా జిల్లా వర్షమాపన కార్యాలయంలో మేం పదకొండు మందిమి. మా వైపు వాన ఏడాదికి ముప్పై రోజులు పడితే గొప్ప. మిగతా రోజుల్లో వాన పడలేదన్న సంగతిని కొలిచి పైకి పంపుతుంటాం. పడ్డ వానను కొలవడానికి ఒక మనిషి చాలు. పడని వానను కొలవడానికి మాత్రం ఒక ఉపసంచాలకులు, ఒక అకౌంట్సు అధికారి, ఎనిమిది మంది గుమాస్తాలు కావాలి. ఆ ఎనిమిది మందిలో సీనియర్ని నేను, పేరు పెన్నోబిలేసు. పదకొండో మనిషి అటెండరు ఓబులమ్మ. నిజానికి కొలిచేది ఆమె.

ముప్పై ఒక్క ఏళ్లుగా ఓబులమ్మ పొద్దున ఎనిమిదిన్నరకు మిద్దెక్కి, అక్కడున్న వర్షమాపకం గరాటా తీసి, లోపలి సీసాలో నీళ్లుంటే గాజు కొలపాత్రలో పోసి చూసి, లేకపోతే సున్నా రాసి దిగుతుంది. ఆదివారం లేదు, పండగ లేదు. ఒక్కరోజు ఆమె ఎక్కకపోతే ఆ రోజు మా జిల్లాలో వాతావరణమే లేనట్టు. కూతురి పెళ్లినాడు కూడా నెత్తిమీద అక్షింతలతోనే వచ్చి, సున్నా రాసి, భోజనాల వేళకు తిరిగి వెళ్లింది. ఇందువల్ల ఆమె మా జిల్లా దాటి ఎక్కడా ఒక రాత్రి నిద్ర చేసి ఎరగదు.

ఏప్రిల్లో ఒకే కవరులో మాకు రెండు సర్క్యులర్లు వచ్చాయి. మొదటిది ఏమంటుందంటే, దేశ రాజధానిని చూడని ఉద్యోగికి సమగ్ర దృక్పథం ఉండదు గనక ప్రతి ఉద్యోగీ జూన్ నెలాఖరులోగా ఢిల్లీని దర్శించి తీరాలి, వెళ్లినవారి పనికి బదులు మనుషులను ఆయా కార్యాలయాలే ఏర్పాటు చేయాలి. రెండోది ఏమంటుందంటే, పొదుపు దృష్ట్యా ఇకమీదట ప్రయాణాలకు ఖర్చు చేయరాదు. రెండింటి కిందా సంతకం ఒకరిదే.

ఆ మధ్యాహ్నం ఓబులమ్మ నా బల్ల దగ్గరకు వచ్చి నిలబడింది.

"అప్పా, ప్రతి ఉద్యోగీ అంటే అటెండర్లు గూడానా?"

"అటెండర్లు కూడా."

"బదులు మనిషిని ఆఫీసోళ్లే పెడతారంట గదా."

"అట్లనే రాసినారు."

జూన్ ముప్పైకి ఆమె రిటైరు. జులైలో రెండు మోకాళ్లకూ ఆపరేషను. మిద్దె మెట్లు ముప్పై ఒక్క ఏళ్లు ఎక్కి దిగిన మోకాళ్లవి. ఆపరేషను తర్వాత దూరాభారాలు పెట్టుకోవద్దని డాక్టరు ముందే చెప్పేశాడు.

"నాకు కుతుబ్ మినార్ చూడాలని ఉండాదప్పా," అంది. "నా జన్మకు నేనెక్కిన ఎత్తు ఈ మిద్దే. ఎత్తుగా ఉండేది ఒకటి, కింద నిలబడి చూస్తా. ఇంకేం అడగను."

నాకు ఆ మాట మనసులో పడిపోయింది. ఎట్లాగైనా ఈమెను పంపించాలనుకున్నాను. అదృష్టవశాత్తూ, మా ఉపసంచాలకులు కోదండపాణి గారు నన్నే యాత్రా ప్రణాళికా సమన్వయకర్తగా నియమించారు. నియామక పత్రం రెండు పేజీలు. అందులో నా పేరు ఒక్కచోటే ఉంది, ఆయన పేరు ఏడుచోట్ల ఉంది.

నేను వారం రోజులు కూర్చుని మంచి ప్రణాళికే వేశాను. గుంతకల్లులో రైలెక్కడం, స్లీపరు క్లాసు. దారికి ఇంటి నుంచి పులిహోర, చపాతీలు, వేరుశనగ పొడి. ఢిల్లీలో ధర్మసత్రం, గదికి నలుగురు. తిరగడానికి మెట్రో. ఇండియా గేటుకు టికెట్టు లేదు కాబట్టి అక్కడ ఎక్కువసేపు ఉండటం. కుతుబ్ మినార్ పొద్దున్నే, ఎండ ముదరకముందే. మినార్ పక్కన ఎర్ర పెన్సిలుతో గీత గీశాను, దాన్ని ఎవరూ కొట్టేయకూడదని.

సమీక్షా సమావేశంలో మా అకౌంట్సు అధికారి సుబ్బనరసయ్య గారు కళ్లద్దాలు తుడుచుకుని మొదలుపెట్టారు. ఈయన ఇంట్లో దోసె తిరగేసేటప్పుడు కూడా రెండోవైపు కాల్చడం అత్యవసరమా అని అడిగే మనిషని చెప్పుకుంటారు.

"సత్రమెందుకు? పగలు చూసి, రాత్రి ఏదో ఒక రైలెక్కి ఏదో ఒక వైపు పోయి పొద్దునకు తిరిగొస్తే పడక ఖర్చు తప్పుతుంది."

"రైలుకూ టికెట్టు ఉంటుంది కదా సార్."

"అవును. అయితే రైలూ ఎందుకు?"

సమావేశం కాసేపు ఈ ప్రశ్న దగ్గరే ఆగిపోయింది. అప్పుడు సుబ్బనరసయ్య గారికి ఆ గొప్ప ఆలోచన వచ్చింది. దానికి మూలం మా ఆఫీసు అలవాటే. మాకు తెలిసినవాళ్లింట్లో పెళ్లి జరిగితే పదకొండు మందీ వెళ్లం. పదకొండు చదివింపుల కవర్లూ పట్టుకుని ఒకరు వెళ్తారు, అందరి తరఫునా అక్షింతలు వేసి, అందరి తరఫునా భోంచేసి వస్తారు. పెళ్లివారు కూడా 'మీ ఆఫీసువాళ్లంతా వచ్చారు, చాలా సంతోషం' అంటారు.

"ఒకరు పోతే అందరూ పెళ్లికి పోయినట్టయినప్పుడు," అన్నారు సుబ్బనరసయ్య గారు, "ఒకరు చూస్తే అందరూ ఢిల్లీ చూసినట్టు ఎందుకు కాదు?"

కోదండపాణి గారు కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. "ప్రాతినిధ్య దర్శనం," అన్నారు. ఏదైనా ఆలోచన ఆయనకు నచ్చితే వెంటనే దానికి ఒక పేరు పెడతారు. పేరు పెట్టాక ఇక అది ఆయనదే.

ఒకే మనిషి వెళ్లాలి సరే, ఎవరు? ఎవరికి తక్కువ ఖర్చయితే వారు. నిబంధనల ప్రకారం ఉపసంచాలకులకు విమానం, అకౌంట్సు అధికారికి ఏసీ రైలు, గుమాస్తాలకు స్లీపరు. అటెండరుకు స్లీపరే గాని, రోజువారీ బత్తెం మాకంటే తక్కువ. లెక్క వేసుకునే కొద్దీ ఓబులమ్మే చవకగా తేలింది. ముప్పై ఒక్క ఏళ్లలో హోదా తక్కువైనందుకు ఆమెకు దక్కిన మొదటి లాభం అది. నేను ముఖం గంభీరంగా పెట్టుకుని, "తప్పదు సార్, ఓబులమ్మే వెళ్లాలి," అన్నాను.

ఆమెకు చెబితే ముందు నమ్మలేదు. నమ్మాక ఇంటికి పోయి కొత్త సంచీ ఒకటి కొనుక్కుంది. పరుగులు పెట్టే రైల్లో చెప్పులు పోకుండా ఎట్లా పెట్టుకోవాలో నలుగురిని అడిగి తెలుసుకుంది.

ఈలోపు సుబ్బనరసయ్య గారు ఒక దర్శన నమోదు పత్రం తయారుచేశారు. చూసిన కట్టడం పేరు, ఎత్తు, చూసిన వ్యవధి, ఎవరి తరఫున చూడడమైనది, కలిగిన ఆశ్చర్యం. ఆశ్చర్యం గడిలో అధికం, మధ్యమం, స్వల్పం అని మూడు చిన్న డబ్బాలు. ఒక్కో కట్టడానికీ పదకొండు పత్రాలు. అంటే కుతుబ్ మినార్ దగ్గర ఓబులమ్మ పదకొండుసార్లు ఆశ్చర్యపడాలి, ఒక్కోసారి ఒక్కొక్కరి పేరు మీద.

"నా తరఫున చూసేటప్పుడు," అన్నారు కోదండపాణి గారు ఆ పత్రాలు తిరగేస్తూ, "ఆశ్చర్యం ఏ స్థాయిలో ఉంటుంది?"

"అధికం పెడతాది సార్," అన్నాను.

"డబ్బా సంగతి కాదు. నేను గెజిటెడ్ అధికారిని. నాకు కలగవలసిన ఆశ్చర్యం ఒక నాలుగో తరగతి ఉద్యోగి పడగలదా? రేపు తనిఖీలో ఇది ఎక్కడ నిలబడుతుంది?"

ఆయన అప్పటికప్పుడే ఉత్తర్వు చెప్పి రాయించారు. 'ఈ కార్యాలయమందు పై హోదాలోని వారు కింది హోదాలోని వారి పక్షమున ఏ కార్యమునైనను నిర్వర్తింపవచ్చును. కింది హోదాలోని వారు పై హోదాలోని వారి పక్షమున నిర్వర్తింపరాదు.' రాసింది నేనే, నా చేత్తోనే. ఓబులమ్మ ప్రయాణం ఆ రెండు వాక్యాల్లో మునిగిపోయింది.

ఇప్పుడు అందరికంటే పై హోదా ఆయనది కాబట్టి ఆయనే వెళ్లాలి. ఆయన వెళ్తే విమానం. విమానమంటే రెండో సర్క్యులరు. సుబ్బనరసయ్య గారు నుదురు పట్టుకుని చాలాసేపు ఆలోచించి, ఉన్నట్టుండి అడిగారు.

"సార్, తమరు ఇంతకు మునుపెప్పుడైనా ఢిల్లీ వెళ్లారా?"

"ఒకసారి. మా నాన్నగారు తీసుకువెళ్లారు. అప్పుడు నాకు ఏడేళ్లు."

"అయితే ఇంక పోవడమెందుకు సార్? అప్పుడు చూసిందే మా అందరి తరఫునా చూసినట్టు. ఖర్చు సున్నా."

కోదండపాణి గారు మెల్లగా, ఇష్టంగా పలికారు. "పూర్వ దర్శనం."

మర్నాడు ఆయన వాంగ్మూలం నమోదు చేశాం. సుబ్బనరసయ్య గారు అడుగుతుంటే నేను రాశాను.

"ఎర్రకోట చూశారా?"

"చూశాను. అక్కడ నా చేతిలో జామకాయను ఒక కోతి లాక్కుపోయింది."

"కోట ఎట్లా ఉండింది సార్?"

"కోతి బాగా పెద్దది."

'ఎర్రకోట దర్శనమైనది, అచటి జీవజాలముతో ప్రత్యక్ష సంపర్కము కలిగినది' అని రాశాను. ఇండియా గేటు దగ్గర ఆయన ఐస్‌క్రీము చొక్కా మీద పడింది, దాని కోసం ఏడ్చారు. 'భావోద్వేగము కలిగినది' అని రాశాను.

"కుతుబ్ మినార్?"

ఆయన కొంచెం తటపటాయించారు. "అప్పటికి బాగా అలసిపోయాను. నాన్నగారి భుజం మీద నిద్రపోయాను. కానీ అక్కడికి వెళ్లిన మాట వాస్తవం."

"నిద్రపోయినంత మాత్రాన హాజరు లేనట్టు కాదు సార్," అన్నారు సుబ్బనరసయ్య గారు. మా ఆఫీసులో మధ్యాహ్నం రెండు గంటల తర్వాత ఈ సూత్రం మీదే అందరి జీతాలూ నడుస్తున్నాయి గనక ఎవరూ కాదనలేదు. అట్లా మే నెల పదకొండో తేదీ నాడు, ఎవరూ కుర్చీలోంచి లేవకుండా, మేం పదకొండు మందిమీ ఢిల్లీ చూసేశాం. అందరికీ ధ్రువపత్రాలు ఇచ్చారు. నాదీ ఉంది, బీరువాలో భద్రంగానే పెట్టాను.

ఓబులమ్మ తన ధ్రువపత్రాన్ని రెండు చేతులతో పట్టుకుని నెమ్మదిగా చదువుకుంది. తర్వాత కోదండపాణి గారి గదిలోకి వెళ్లింది. వెనకాలే నేనూ వెళ్లాను.

"సార్, దీంట్లో నేను కుతుబ్ మినార్ చూసినానని ఉండాది."

"అవును. అభినందనలు."

"నేను చూసేటప్పుడు నిద్రపోతాంటినా సార్?"

ఆయన ఫైలు మూసి పెట్టారు. "ఓబులమ్మా, పరిపాలనా దృష్టిలో దర్శనం వేరు, చూపు వేరు."

"అట్లయితే సార్, నా సెలవులు శానా ఉండాయి. నా దుడ్డు పెట్టుకుని నేనే పోయొస్తా. ఎనిమిది దినాలు మిద్దె మీదికి ఎవురినన్నా పంపండి."

"బదులు మనిషి అనేది రాజధాని చూడనివారికే. మీరు చూసినవారు. రెండోసారి విలాసం కిందికి వస్తుంది. పైగా వర్షమాపకం రోజూ చదివి తీరాలి. రిటైరయ్యాక తీరిగ్గా వెళ్లండి."

"రిటైరైనంక మోకాళ్లుండవు సార్," అంది ఆమె. చాలా మామూలుగానే అంది. కోదండపాణి గారు గడియారం వైపు చూశారు.

బయటికొచ్చాక ఆమె ఏడుస్తుందేమోనని భయపడ్డాను. ఏడవలేదు. కొత్త సంచీని మా స్టోరు గదిలో పాత సీసాల మీద పెట్టి వెళ్లిపోయింది. నాకే తల కొట్టేసినట్టయింది. ఆ ఉత్తర్వు రాసిన చెయ్యి నాదే కదా.

జూన్ మొదటి వారంలో పై కార్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది. రాష్ట్రం మొత్తం మీద ఒక్క పైసా ఖర్చు లేకుండా సిబ్బంది అందరికీ రాజధాని చూపించిన ఏకైక కార్యాలయం మాది. కోదండపాణి గారికి కనిష్ఠ వ్యయ యాత్రా పురస్కారం, నెలాఖరున ప్రదానం. పురస్కారానికి ఆధారంగా ఆయన ఉత్తర్వు నకలును జత చేసి, మిగతా జిల్లాలకు ఆదర్శంగా పంపించారు. ఆ ఉత్తర్వులో ఒక్క అక్షరం కదిలినా పురస్కారం కదులుతుంది.

ఆ నకలు చదువుతూ నేను రెండో వాక్యం దాకా పోలేదు. మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాను. కుర్చీ వెనక్కి నెట్టి, ఓబులమ్మను పిలిచి, ఒక తెల్లకాగితం తీశాను.

"నేను చెప్పినట్టు సంతకం పెట్టు. మళ్లీ అడగొద్దు."

అర్జీ ఇట్లా రాశాను. 'తమరి ఉత్తర్వు మేరకు పై హోదాలోని వారు కింది హోదాలోని వారి పక్షమున ఏ కార్యమునైనను నిర్వర్తింపవచ్చును గనుక, జూన్ పద్దెనిమిది మొదలు ఇరవై అయిదు వరకు నా పక్షమున తమరు మిద్దెనెక్కి వర్షమాపకమును చదువగలరని, తద్వారా నేను విధిలో ఉన్నట్లే పరిగణింపబడగలనని, అందువలన బదులు మనిషి అవసరము గాని, ప్రభుత్వమునకు ఖర్చు గాని లేదని విన్నవించుకొనుచున్నాను.'

కోదండపాణి గారు దాన్ని మూడుసార్లు చదివారు. సుబ్బనరసయ్య గారిని పిలిపించారు. ఆయనా చదివి, కళ్లద్దాలు తుడుచుకుని, మళ్లీ చదివి, "ఖర్చు సున్నాయే సార్," అన్నారు. ఆయన దృష్టిలో అంతకుమించి పరిశీలించవలసింది ఏమీ లేదు.

"ఇది పెన్నోబిలేసు భాషలా ఉందే," అన్నారు కోదండపాణి గారు నా వైపు చూసి.

"తమరి భాషే సార్. నేను తమరి దగ్గరే నేర్చుకున్నాను."

ఆయన సంతకం పెట్టారు. పెట్టక ఏం చేస్తారు, ఉత్తర్వు చెల్లదంటే పురస్కారం చెల్లదు.

ఓబులమ్మ పదిహేడో తేదీ ఎనిమిదిన్నరకు సున్నా రాసి, సంచీ తీసుకుని, వీధిలోని మరో ఇద్దరు ఆడవాళ్లతో కలిసి గుంతకల్లు బస్సెక్కింది. పులిహోర, చపాతీలు, వేరుశనగ పొడి, మెట్రో, ధర్మసత్రం, అన్నీ నా ప్రణాళిక ప్రకారమే. ఆ కాగితం వృథా కాలేదని నాకు లోపల్లోపల పొంగిపోయింది.

మర్నాటి నుంచి కోదండపాణి గారు మిద్దెక్కడం మొదలుపెట్టారు. ఆరేళ్లుగా జిల్లా వర్షాలకు అధిపతి అయిన ఆయన వర్షమాపకాన్ని దగ్గర నుంచి చూడడం అదే మొదలు. మొదటి మూడు రోజులు వాన లేదు, సున్నా రాసి ఆయాసపడుతూ దిగారు. నాలుగో రోజు తెల్లవారుజామున దంచి కొట్టింది. ఆ ఏడాదికి అదే పెద్ద వాన. ఎనిమిదిన్నరకు గొడుగు పట్టుకుని ఎక్కిన మనిషి తొమ్మిదైనా దిగలేదు. నేను పైకి పోయి చూద్దును గదా, ఆయన ఒక చేతిలో సీసా, ఒక చేతిలో కొలపాత్ర పట్టుకుని, గొడుగు గాలికి ఎటో పోయి, తడిసి ముద్దై నిలబడి ఉన్నారు. ఏది దేంట్లో పోయాలో, ఏ గీత దగ్గర చూడాలో ఆయనకు తెలియదు. నాకూ తెలియదు. మేం పది మందిమీ ఒకరి తర్వాత ఒకరం మిద్దెక్కి చూశాం. ఎవరికీ తెలియదు.

చివరికి ఆయన నా ఫోను నుంచే ఓబులమ్మకు చేశారు.

"ఓబులమ్మా, సీసా నిండిపోయింది. కొలపాత్రలో పట్టడం లేదు. ఏం చేయాలి?"

అవతల ఏవో పక్షుల అరుపులు, మనుషుల సందడి వినబడ్డాయి. "సార్, మినార్ కాడ ఉండా. రవ్వంతసేపు ఆగి నేనే ఫోన్ చేస్తా," అని పెట్టేసింది. కోదండపాణి గారు సీసా మూతికి అరచెయ్యి అడ్డం పెట్టుకుని ముక్కాలు గంట ఆ వానలో అట్లాగే నిలబడ్డారు. తర్వాత ఆమె ఫోను చేసి, పాత్ర నిండినప్పుడల్లా లెక్క రాసుకుని, పారబోసి, మళ్లీ పోయమంది. ఆయన చెప్పింది చెప్పినట్టు చేశారు. ఆ రోజు మా జిల్లాకు వాతావరణం ఉంది.

ఆమె తిరిగొచ్చాక ఆఫీసంతా వింత ఇబ్బందిలో పడింది. ఢిల్లీ ఎట్లా ఉందో తెలుసుకోవాలని అందరికీ ఉంది. అడగడానికి మాత్రం లేదు, అందరం చూసినవాళ్లమే కదా. సుబ్బనరసయ్య గారు ఆమె బల్ల పక్కనుంచి మూడుసార్లు నడిచి, "ఎండలు ఎక్కువా అక్కడ?" అని మాత్రం అడిగారు. ముప్పయ్యో తేదీ ఆమె రిటైర్మెంటు సన్మాన సభలో శాలువా కప్పాక రెండు మాటలు మాట్లాడమన్నారు. పది మందిమీ కుర్చీల్లో ముందుకు వంగాం. పురస్కారం ఫలకం బల్లమీద పెట్టుకున్న కోదండపాణి గారు అందరికంటే ముందుకు వంగారు.

"ఢిల్లీ సంగతి ఏదైనా చెప్పు ఓబులమ్మా," అన్నారాయన. ఆ గొంతులో నాకు ఉపసంచాలకులు వినబడలేదు.

"మీరందరూ చూసిందే గదా సార్. మళ్లీ చెప్పేదేముండాది," అని నమస్కారం పెట్టి కూర్చుంది. చప్పట్లు కొట్టాలని ఎందుకో ఎవరికీ గుర్తు రాలేదు.

దండా, శాలువా, స్టీలు బిందె ఆటోలో సర్ది, ఆమెను ఎక్కిస్తూ నేను ఉండబట్టలేక అడిగేశాను.

"నాకన్నా చెప్పు ఓబులమ్మా. ఎట్లుండె మినార్?"

ఆమె శాలువా పక్కకు జరిపి మెడ వెనక చెయ్యి వేసి రుద్దుకుంది.

"ఎంతసేపు పైకి చూసినా ఐపోలేదప్పా. ఇంగో ఇక్కడ, ఈ నరం పట్టేసింది. వారమాయె, ఇంకా పోలేదు. మందు గూడా పూసుకోలా," అని నవ్వింది.

ఆటో వెళ్లిపోయింది. నేను గేటు దగ్గరే నిలబడి నా మెడ వెనక చెయ్యి పెట్టి తడుముకున్నాను. ఎక్కడా నొప్పి లేదు.